కొత్తామె గురించి ఒక్క మాట

మొన్న ఆదివారం పొద్దున కల్లూరులో మా కొడుకు కట్టుకున్న ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, ఏడో తరగతి చదివే మా మనవరాలు తెలుగు పుస్తకం పట్టుకొచ్చి నా పక్కన చతికిలబడింది. కింది పదాలకు సొంతవాక్యాలు రాయండి అని వాళ్ళ టీచరమ్మ అయిదు మాటలిచ్చిందట: బెరుకు, తడబాటు, ఎబ్బెట్టు, చేతకానితనం, మొరటు. అన్నిటికీ అర్థం కొంచెం అటూ ఇటూగా ఒకటే కదవ్వా, ఒకే వాక్యం రాసి మాట ఒక్కటి మార్చేస్తే సరిపోదా అని దాని తెలివి. ఒళ్ళు వంచకుండా మార్కులు రావాలనే తెలివి మా వంశంలో అందరికీ ఉన్నదే. మొదటి నాలుగింటికీ గబగబా వాక్యాలు చెప్పేశాను. అయిదో దాని దగ్గరికి వచ్చేసరికి తీస్తున్న ఈనె చేతిలోనే ఉండిపోయింది. అది తర్వాత చెప్తాలే, ముందు పోయి తల దువ్వుకో అని కసురుకున్నాను. అవ్వకు ఉన్నట్టుండి కోపమెందుకొచ్చిందో తెలియక ఆ పిల్ల పెన్సిలు కొరుక్కుంటూ లోపలికి పోయింది.

నా కోపం సంగతి నా ఈడు వాళ్ళకు చెప్పుకోవాలి గాని పిల్లలకు చెప్తే అర్థమయ్యేది కాదు. మీలో అంగళ్ళు నడిపిన ఇండ్లకు కోడళ్ళుగా పోయినవాళ్ళుంటే సగం చెప్పకముందే మిగతా సగం మీకే తెలిసిపోతుంది.

డోన్‌లో పాత బస్టాండు దారిలో మా మామగారి బట్టలంగడి ఉండేది. జంక్షను ఊరు కావడం వల్ల నాలుగు దిక్కుల నుంచీ రైలు దిగిన పల్లెజనం మూటలు సంకన పెట్టుకొని నేరుగా మా అంగటికే వచ్చేవారు, పెళ్ళంటే మా గడప తొక్కకుండా జరిగేది కాదు. రెండువేల సంవత్సరం దాటాక కథ మారింది. కర్నూల్లో అద్దాల అంగళ్ళు లేచాయి, ఆడపిల్లలు చిరునవ్వుతో ఎదురొచ్చి చీరలు చూపిస్తారట అని జనం అటు పోవడం మొదలుపెట్టారు. అప్పుడు మామగారు చాలాకాలం ఆలోచించి, మా అత్తగారు ఎంత నసిగినా వినకుండా, మేడ కింద హాల్లో ఆడవాళ్ళ చీరలకు వేరే విభాగం తెరిచి, పెళ్ళై ఇరవై ఏళ్ళు వంటింట్లో ఉన్న నన్ను తీసుకొచ్చి ఆ గద్దె మీద కూర్చోబెట్టారు. ఒక ఏడాది చూస్తానన్నారు. నేను నెగ్గుకొస్తే ఆ పక్క నాది, లేకుంటే మళ్ళీ పోపులడబ్బా నాది. కాబట్టి ఆ రోజుల్లో నేను నిద్రలో కూడా చీరలు విప్పుతూ మడుస్తూ ఉండేదాన్ని.

చీర చూపించడమంటే చూసేవాళ్ళకు సులువు. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కాళ్ళు మడుచుకొని కూర్చుని, మడత మీద మడత పట్టుకొని, ఒక్క విసురుతో కొంగంతా కొనేవాళ్ళ ఒళ్ళో వాలేట్టు పరవాలి. చీర నచ్చినట్టు వాళ్ళ కళ్ళల్లో కనిపించగానే లేచి నిలబడి దాన్ని మన భుజం మీద వేసుకొని కుచ్చిళ్ళు పట్టి చూపించాలి. భుజం మీద చూసిన చీర వదిలి పోయే ఆడది ఉండదు అనేవారు మామగారు. మొదటి వారం నేను విసిరిన కొంగు పోయి ఒక పెద్దామె ముక్కుపుడకకు తగులుకుంది. అంతమంది ముందు తల కొట్టేసినట్టయింది నాకు.

మామగారిది ఒక పద్ధతి. బట్టను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి ఒక్క మాటలో తేల్చేసేవారు: గట్టి, పలుచన, ముతక, అంతే, రెండో మాట ఉండదు. మనుషులకూ అదే లెక్క పెట్టారు. అంగట్లో కొత్తగా చేరినవాళ్ళకు ఒక మండలం, అంటే నలభై రోజులు గడువు. ఆ నలభై రోజులూ ఎవరినీ పేరు పెట్టి పిలిచేది లేదు, మగవాడైతే కొత్తాయన, ఆడమనిషైతే కొత్తామె. నలభయ్యోనాడు దీపం పెట్టాక, పని నేర్పినవాళ్ళను పిలిచి ఎట్లుండారు అని అడిగేవారు. కథలొద్దు, ఒక్క మాట చెప్పు అనేవారు. బెరుకు అంటే బెరుకు పోయేదే కాబట్టి ఇంకో మండలం ఉండనిచ్చేవారు. చేతకాదు అంటే మేడ మీది గోదాములో మూటలు విప్పి మడతలేసే పనికి పంపేవారు, జీతం కాస్త తక్కువ గాని కూడుకు లోటుండదు. మొరటు అంటే మాత్రం మర్నాడే ఇంటికి. చేతకాకపోవడం నేర్పినవాళ్ళ తప్పమ్మా, మొరటుతనం పుట్టుకతో వచ్చేది, దాన్నెవరూ మాన్పలేరు అని ఆయన సిద్ధాంతం. అందరం తల ఊపేవాళ్ళం. ఆ మాట సబబో కాదో ఆలోచించాలని అప్పట్లో నాకు తోచనే లేదు.

అవి కరువేళ్ళు. రెండేళ్ళు వరసగా వాన మొహం చాటేసింది. పత్తికొండ, ఆలూరు పక్క చేలల్లో వేరుశనగ పీకితే చెట్టుకు రెండు కాయలు, అవీ తాలు. ఊళ్ళకు ఊళ్ళు తాళాలేసుకొని సుగ్గికి పోయేవి. సుగ్గి అంటే మీకు తెలుసు కదా, గుంటూరు వైపు మిరపకోతలకు పిల్లాజెల్లాతో వలసపోవడం. అట్లాంటి పుష్యమాసంలో, ఆలూరు పక్క పల్లెటూరి ఆమె ఒకతె, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, పని కోసం మా గడప ముందు వచ్చి నిలబడింది. ఎర్రచుక్క బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, మెడలో నల్లపూసలు. మొగుడు సుగ్గికి పోయినాడని, తాను మాత్రం ఏడో తరగతి చదివే కూతురి కోసం రైలు గేటు అవతల ఒక గది తీసుకొని ఇక్కడే నిలిచిపోయానని చెప్పింది. పిల్ల గవర్నమెంటు బడిలో క్లాసుకు ఫస్టట. ఏడో తరగతి పరీక్ష రాసేదాకా ఈడ పని దొరికితే చాలక్కా, లేకుంటే నేనూ సుగ్గికి పోవాల, ఆడపిల్లను ఒక్కదాన్ని ఇడిసి పోలేను గద, దాన్నీ తీసుకొని పోవాల అంది. బతిమాలినట్టు కాకుండా, ఊరికే జరిగేది చెప్పినట్టు చెప్పింది. అది నచ్చి నేనే మామగారిని ఒప్పించి చేర్చుకున్నాను.

మాటకు మెతక గాని చేతులున్నాయే, ఆమె చేతులు వేరుశనగ కట్టెలు పీకీ పీకీ వేళ్ళ చివర్లు పగిలి బీటలు వారి ఉండేవి. నూలు చీరలతో పరవాలేదు, పట్టు ముట్టుకుంటే చాలు ఆ పగుళ్ళకు పోగు తగులుకొని సర్రుమనేది. రెండో రోజే ఒక చీర అంచు పోగు లేచింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కి, ఇవి చేతులా ఆకురాళ్ళా అని అందరి ముందూ అనేశాను. ఆమె ఆ రాత్రి నుంచి ఆముదం రాసుకొని పడుకొని, తెల్లవారి జిడ్డు పట్టుకు అంటుతుందని సీకాయ పెట్టి కడుక్కొని వచ్చేదట. ఆ సంగతి తర్వాత ఎప్పుడో వాళ్ళ పిల్ల చెప్పింది. పదిహేను రోజులకు వేళ్ళు దారికొచ్చాయి. నెల తిరిగేసరికి కొంగు విసరడంలో చెయ్యి తిరిగింది కూడా. నూలు చీరలు, సిల్కు చీరలు భుజం మీద వేసుకొని ఎంచక్కా చూపించేది. సాయంత్రం బడి వదలగానే పిల్ల వచ్చి మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకునేది, ఆమె చీర మడుస్తూనే ఒక కన్ను అటు వేసి ఉంచేది.

పుష్యంలో పెళ్ళిళ్ళుండవు. మాఘం వచ్చింది, పెళ్ళిచీరల బేరాలు మొదలయ్యాయి, చిక్కంతా అప్పుడు మొదలైంది.

మాఘంలో మొదటి వారమే మా కూతురి పెళ్ళిచీర ఎంచడానికి మంచిరోజు చూసుకున్నాం. అంగట్లో ఉన్న మంచి పట్టుచీరలన్నీ కిందికి దించి పిల్ల ముందు పోశాం. సరిగ్గా ఆ పొద్దే కొత్తామె కడుపునొప్పి అని పక్క గదిలో గోడకానుకొని కూర్చుంది, ఎంత పిలిచినా రాలేదు. నా ఇంట్లో శుభకార్యమప్పుడే దీనికి నొప్పులొచ్చాయా అని నేను గొణుక్కున్నాను, గొణుగుడు కాదు లెండి, ఆమెకు వినపడేలాగే అన్నాను. ఇంకో రెండు పెళ్ళిబేరాల్లో కూడా ఆమె ఏదో ఒక వంకతో నీళ్ళు తేవడానికో మూట దించడానికో తప్పుకుంది. బద్ధకం అనుకున్నాను.

నలభయ్యో రోజు వచ్చింది. ఆ మధ్యాహ్నమే బేతంచెర్ల నుంచి ఒక పెద్ద కుటుంబం పెళ్ళిబట్టలకు దిగింది. పన్నెండుమంది ఆడవాళ్ళు, పెళ్ళికూతురు, ఆ పిల్ల మేనత్త. అట్లాంటి మేనత్త ప్రతి పెళ్ళిలోనూ ఒకరుంటారు. ఆమెకు నచ్చితే అందరికీ నచ్చినట్టు, ఆమె ముఖం ముడిస్తే అంగడి మూసుకోవడమే. కర్నూలు పోదామన్న వాళ్ళను ఆగబట్టి మా దగ్గరికి తెచ్చింది ఆమేనట, ఆ మాట వచ్చినప్పటి నుంచి నాలుగుసార్లు చెప్పింది. గల్లా దగ్గర మామగారు కూర్చుని ఉన్నారు, ఆయన చూపు లెక్కల పుస్తకం మీద, చెవి మా వైపు. నా ఏడాది గడువులో అంత పెద్ద బేరం అదే మొదటిది. అరచేతులు చెమట పట్టి చీరకు అంటుతాయేమోనని మాటిమాటికీ ఒళ్ళో తుడుచుకుంటున్నాను.

రెండు గంటలు గడిచాక మెరూన్ అంచు పసుపుపచ్చ చీర దగ్గర అందరి కళ్ళూ ఆగాయి. మేనత్త వెనక్కి వాలి కూర్చుని, చీర కొత్తామె చేతిలో ఉంది కాబట్టి ఆమెతోనే, ఏదమ్మా, భుజమ్మీద ఏసుకొని చూపించు అంది. కొత్తామె లేచి నిలబడింది. నిలబడి, చీరను రెండు చేతులతో ముందుకు చాపి, ఉతికిన బట్ట నీళ్ళు కారుతుంటే ఒంటికి తగలకుండా పట్టుకున్నట్టు పట్టుకొని అట్లాగే ఉండిపోయింది. భుజమ్మీద ఏసుకోమ్మా అని మేనత్త మళ్ళీ అంది. కదల్లేదు. నేను కళ్ళతో సైగ చేశాను, నోటితో చెప్పాను, చివరికి పళ్ళు నూరాను. ఆమె ముఖం తెల్లబోయి ఉంది, కాని చీర మాత్రం ఒంటికి జానెడు దూరంలోనే ఉంది. చూస్తున్నవాళ్ళకే ఎబ్బెట్టుగా ఉంది. పిల్లలెవరో కిసుక్కున నవ్వారు. ఏమ్మా, మా పిల్ల చీర నిన్ను కరుస్తాందా ఏమి అంది మేనత్త, ఈసారి గొంతులో బేరం పోయేంత చల్లదనం ఉంది.

అప్పుడు ఆమె చేసిన పని చూడండి. గిరుక్కున నా వైపు తిరిగి, పరుపు మీద కూర్చున్న నా రెక్క పట్టి లేపి, ఆ చీరను నా భుజం మీద పడేసింది. ఎజమాని కోడలిని, అంగడి ఆడమనిషిని చేసి నిలబెట్టింది. వంగి నా కుచ్చిళ్ళు సర్దింది, ఆ సర్దడంలో తొందరకు ఆమె గాజు ఒకటి చిట్లి పరుపు మీద పడింది. పన్నెండుమంది నోళ్ళు తెరుచుకొని చూస్తున్నారు. నేను కొంగు పట్టుకొని, నవ్వాలా ఏడవాలా తెలియక, నవ్వాను.

చీర కొన్నారు. ఇంకో ఏడు చీరలు కూడా కొన్నారు. కాని పోతూపోతూ మేనత్త గల్లా దగ్గర నిలబడి మామగారితో, మీ అంగట్లో బట్టలు బాగుండాయప్పా, మనుషులే శానా మొరటు అనేసి పోయింది. ఆ మాట ఆమె నోటి నుంచి ఆయన చెవిలో పడడం నేను చూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. దీపం వేళకు ఇంకా గంటన్నర ఉంది.

కొత్తామెను చెయ్యి పట్టుకొని మేడ మీది గోదాములోకి లాక్కుపోయాను. మూటల మధ్య నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను, ఏం తిట్టానో రాయను. అంతా అయ్యేదాకా తల వంచుకొని విని, అప్పుడు చెప్పింది.

"మా ఇంటాయన లేడక్కా. సుగ్గికి పోయింది నిజమే, ఆడనే జొరమొచ్చి పాయ. రెండేండ్లాయ. ముత్తైదువ కానిదాన్ని పెండ్లి బట్టల కాడికి ఎవురు రానిస్తారని అబద్ధం జెప్తి. బొట్టూ గాజులూ నా కూతురి కోసం పెట్టుకుంటి, నా పాపం నాకుండనీ. ఆ పెండ్లికూతురికి తెలీకుండా దాని చీర నా మీదేసుకుంటే ఆ పాపం యాడ పెట్టుకోవాలక్కా?"

నేను మూట మీద కూలబడ్డాను. నిజం చెప్పాలి కదా, నాకు మొదట వచ్చిన ఆలోచన ఆమె మీద జాలి కాదు, నా కూతురి చీర. ఈమె చెయ్యి దాని మీద పడిందా అని ఒళ్ళు జలదరించింది. చదువుకున్నదాన్ననుకుంటాను గాని, ఆ క్షణంలో మా అత్తగారికీ నాకూ ఏమీ తేడా లేదు. నా ముఖం చూసి ఆమెకు తెలిసిపోయినట్టుంది.

"మీ పాప చీర నేను ముట్టలేదక్కా. ఆ పొద్దు కడుపునొప్పని పక్కకు పోతి గద" అంది.

అంటే నేను బద్ధకమని వినపడేలా తిట్టిన పొద్దు ఆమె మా ఇంటి శుభం కాస్తూ గోడకానుకొని కూర్చుందన్నమాట. నేను ఆమె మొహం చూడలేకపోయాను. పిల్ల పరీక్ష ఎప్పుడని అడిగాను, రెండు నెలలుందంది. నేను చూసుకుంటాలే, నువ్వు కిందికి పోయి చీరలు మడుచు, ఈ సంగతి ఎవ్వరి దగ్గరా అనొద్దు అన్నాను. ఆమె సరేనక్కా అని కళ్ళు తుడుచుకొని మెట్లు దిగింది. నేను చూసుకుంటాలే అన్న నా మాట పట్టుకొని దిగింది.

దీపం వెలిగేదాకా నేను గోదాములోనే కూర్చుని మాటలు వెతుక్కున్నాను. నిజం చెప్తే మామగారి అంగడే కాదు, ఆ ఊళ్ళో ఏ బట్టలంగడీ ఆమెను గడప తొక్కనివ్వదు. తడబాటు అందామంటే అది ఒక పూట ముచ్చట, మనిషికి చెప్పే మాట కాదు. బెరుకు అంటే బాగుంటుంది, ఇంకో మండలం దొరుకుతుంది, పిల్ల పరీక్ష దగ్గరికొస్తుంది. కాని మళ్ళీ పెళ్ళిచీరల దగ్గరే నిలబడాలి, మళ్ళీ ఇదే గొడవ. అన్నిటికన్నా సరైన మాట చేతకాదు. ఆ మాటతో ఆమె గోదాములోకి వస్తుంది, పెళ్ళిచీర ఎవరి భుజం మీదా వేయాల్సిన పని ఉండదు, జీతం తగ్గినా పిల్ల బడి నిలుస్తుంది. ఇంత తేలికైన దారి ఉంటే నేనెందుకు అంతసేపు ఆలోచించానంటే, చేతకాకపోవడం నేర్పినవాళ్ళ తప్పు. నలభై రోజులు పని నేర్పింది నేను. నా ఏడాది గడువులో, మేనత్త ఆ మాట అనిపోయిన పూటే, నాకు నేర్పడం రాదని నా నోటితో నేనే ఒప్పుకోవాలి.

దీపం పెట్టారు. అత్తగారు అగరొత్తి తిప్పుతున్నారు, మా ఆయన గల్లా పక్కన నిలబడి ఉన్నాడు. కొత్తామె పది అడుగుల దూరంలో మాకు పక్కగా తిరిగి మధ్యాహ్నం విప్పిన చీరలు మడుస్తోంది. మెట్ల మీద పిల్ల పుస్తకం తెరిచి కూర్చుంది. మామగారు నన్ను పిలిచి, ఈ పొద్దుకు మండలం నిండింది గదమ్మా, ఎట్లుండాది, ఒక్క మాట చెప్పు అన్నారు.

బెరుకు మామా అన్నాను.

ఆయన గొంతు పెంచలేదు. "బెరుకుండే మనిషి ఎజమాని కోడలి రెక్క పట్టి లేపి చీర ఇసురుతుందామ్మా? ఇంకో మాట చూడు" అన్నారు.

అత్తగారి చేతిలో అగరొత్తి ఆగింది. నువ్వు నేర్పిన సంబరం ఇదేనా అన్నట్టు ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు కనపడుతుంది. చేతకాదు అనే మాట నాలుక మీదికి వచ్చింది, నిజంగా వచ్చింది, ఆ మాట రుచి కూడా నాకు గుర్తుంది. దాన్ని మింగేశాను. అక్కడ చీర మడిచే చేతులు కొంచెం నెమ్మదించాయి, ఆమె వింటోందని నాకు తెలుసు.

మొరటు మామా అన్నాను.

ఆయన తల ఊపారు. అత్తగారు మళ్ళీ అగరొత్తి తిప్పారు. కొత్తామె చేతిలోని చీర మడత ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచి, పూర్తయింది. పూర్తిచేసిన చీరను దొంతి మీద పెట్టి, ఇంకోటి తీసుకుంది. మొత్తం మడిచేదాకా ఆమె ఇంటికి పోలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారిన నోరు కూడా కాదు, అంతసేపు కూర్చుని మాటలన్నీ ఎంచి, తెలిసి తెలిసీ అన్న మాట. రాత్రంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మొరటు అన్నాను కాబట్టే ఆమె రహస్యం ఎవరికీ తెలియలేదు, మరో ఊళ్ళో మరో అంగట్లో పని దొరకవచ్చు, నేను ఆమెకు మేలే చేశాను అని. ఎంత చక్కగా నచ్చజెప్పుకున్నానంటే తెల్లవారుజామున నిద్ర కూడా పట్టింది.

పొద్దున అంగడి తెరవకముందే ఆమె మా ఇంటి గడప దగ్గరికి వచ్చింది. అంగట్లో కట్టుకోమని మేమిచ్చిన నీలం చీర ఉతికి, ఆరేసి, అంచుకు అంచు కలిపి మడిచి తెచ్చింది. అంత తీరైన మడత మా అంగట్లో ఇరవై ఏళ్ళ అనుభవమున్న గుమాస్తా కూడా వేయలేడు. వెనక పిల్ల, భుజానికి బడి సంచి, ఆ సంచిలో పుస్తకాలు కాదు, గిన్నెలు. గుంటూరు రైలుకు పోతాండామని చెప్పింది. నేను అయిదువందల నోటు తీసి ఇవ్వబోయాను. దుడ్లొద్దక్కా అని నా చెయ్యి వెనక్కి నెట్టింది, మెల్లగానే నెట్టింది. ఆ వేళ్ళు నున్నగా ఉన్నాయి, ఒక్క పగులు లేదు.

"పోయొస్తానక్కా. మీ పాప పెండ్లి బాగా జరగాల" అంది.

నా మీద కోపంతో అన్న మాట కాదది. అట్లాంటి మాటలు కోపంతో అనేవాళ్ళు నాకు శానామంది తెలుసు, ఆ గొంతు వేరుగా ఉంటుంది. మా కూతురి పెళ్ళి బాగానే జరిగింది. తలంబ్రాల వేళ పిల్ల ఆ పొద్దు ఎంచిన చీరలో దిగివస్తుంటే అందరూ మెచ్చుకుంటున్నారు, నేను ఒక్కదాన్ని గోడకానుకొని నిలబడ్డాను. కడుపులో నిజంగానే నొప్పిగా ఉండింది.

ఏడాది గడువు గెలిచాను. గద్దె నాదైంది. వేసవి దాటాక ఒకరోజు ధైర్యం చేసి రైలు గేటు అవతల ఆ గది వెతుక్కుంటూ పోయాను, ఎవరో రైల్వే కూలీల కుటుంబం ఉంటోంది. బడికి పోయి అడిగితే, ఆ పిల్ల ఏడో తరగతి పరీక్ష రాయలేదమ్మా, మంచి పిల్ల, ఎందుకు మానేసిందో మాకూ తెలియదు అన్నారు పంతులమ్మ. నాకు తెలుసు. తెలిసినదాన్ని చెప్పలేక, వాళ్ళు ఏ ఊరు చేరారో అడగలేక, ఎండలో నడిచి ఇంటికొచ్చాను. ఆ తర్వాత ప్రతి మాఘంలోనూ ఆలూరు పక్క నుంచి వచ్చిన బేరగాళ్ళను ఏదో ఒక నెపంతో అడుగుతూ ఉండేదాన్ని. సుగ్గికి పోయినోళ్ళు పోయిన చోటే నిలిచిపోతాండారమ్మా, ఎవుర్ని ఎతుకుతావు అనేవారు.

మామగారు పోయి పన్నెండేళ్ళు దాటింది. పోయే ముందు ఒకరోజు మంచంలో ఉండి, కొత్తామెనొకదాన్ని పంపించేశాం గుర్తుందామ్మా, ఆ నీలంచీర మడత నేను చూసినా, మొరటు మనిషి వేసే మడత కాదది అన్నారు. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. కాళ్ళు ఒత్తుతూ ఊరుకున్నాను.

ఇప్పుడా అంగడి లేదు. మా కొడుకు ఇక్కడ వేరే వ్యాపారం పెట్టుకున్నాడు, పెళ్ళిచీరలు కర్నూలు అద్దాల అంగళ్ళల్లో బొమ్మల మీద వేలాడుతున్నాయి. మొన్నొకసారి చూసొచ్చాను. నున్నటి భుజాలు, సన్నటి నడుములు, ఏ చీర వేసినా ఒక్కతీరుగా నిలబడే బొమ్మలు. బొమ్మలకు మొగుడున్నాడా లేడా అని ఎవరూ అడగరు, బొమ్మలు కడుపునొప్పి అని పక్కకు తప్పుకోవు. ముత్తైదువా కాదా అనే పట్టింపు ఈ కాలం పిల్లల్లో చాలావరకు పోయింది, పోవడమే మంచిది, ఆ పట్టింపు వల్ల ఎంతమంది కడుపులు మాడాయో నేను కళ్ళారా చూశాను. కాని తనకే నిలువనీడ లేనప్పుడు, ముక్కూమొహం తెలియని పిల్ల పెళ్ళి చల్లగా ఉండాలని అంతమందిలో చేతులు చాపి నిలబడ్డ మనిషి ఉంది చూడండి, అట్లాంటి మనిషి ఇప్పుడు ఏ అంగట్లో దొరుకుతుంది? దొరికినా గుర్తుపట్టే కళ్ళు మనకున్నాయా? నాకప్పుడు లేవు.

సాయంత్రం మనవరాలు మళ్ళీ పుస్తకం తెచ్చుకుంది. రేపు చూపించాలవ్వా, అయిదోది చెప్పు అంది. రాసుకో అని చెప్పాను: మా అవ్వ ఒకప్పుడు ఒక మనిషితో మొరటుగా ప్రవర్తించింది. మనవరాలు పకపకా నవ్వి, రాసుకొని, మళ్ళీ ఆగింది. ఒక మనిషి అంటే టీచరమ్మ ఒప్పుకోదవ్వా, పేరు రాయాల, ఎవరామె పేరు అని పెన్సిలు పట్టుకొని నా ముఖంలోకి చూసింది.

ఆ మొదటి పొద్దు గడప ముందు నిలబడి ఆమె పేరు చెప్పింది. చెప్పినట్టు నాకు బాగా గుర్తుంది. మండలం నిండేదాకా పేరుతో పనేముంది అని నేనే వినిపించుకోలేదు.